కూర్మారావు మడి

తాబేలుకి గాజు అర్థం కాదు. కళ్ళకి కనిపిస్తున్న చోటికి కాళ్ళు వెళ్ళగలగాలి అన్నది దాని లెక్క. గాజుతొట్టెలో పెడితే అవతల కనిపిస్తున్న సోఫా కాలివైపు నడుస్తుంది, ముక్కు గోడకి కొట్టుకుంటుంది, ముందుకాళ్ళతో గోకుతుంది, కాస్త పక్కకి జరిగి మళ్ళీ గోకుతుంది. రోజంతా అదే పని. చూసేవాళ్ళు "అబ్బ, ఎంత హుషారుగా ఉందో!" అనుకుంటారు. అది హుషారు కాదు. అదే తాబేలుని చెక్కగోడల మధ్య వదిలితే గోడని గోడగా గుర్తిస్తుంది. దాని వెంబడి ఒకటి రెండుసార్లు చుట్టూ నడిచి, హద్దులు తెలుసుకుని, ఇక తన పనిలో తాను పడుతుంది.

ఇంట్లో తాబేలుకి చోటు కట్టడం గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. మిగతా పాఠాలు మట్టి గురించి, ఎండ గురించి, ఆకుల గురించి. ఇవన్నీ ఎవరికైనా పనికొస్తాయా అంటే చెప్పలేను. తెలుగువాళ్ళలో తాబేళ్ళు పెంచేవాళ్ళు ఎంతమంది ఉంటారు గనక! కానీ ఒక ప్రాణికి నాలుగు గోడల మధ్య ప్రపంచం కట్టిపెట్టాలంటే ఆ ప్రాణికి అసలు ఏం కావాలో ఒక్కొక్కటే తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం నాకు ఆసక్తిగా అనిపించింది. అందుకే ఇది.

మేముండేది మినియాపొలిస్ శివార్లలో, ఒక అద్దె టౌన్‌హౌస్‌లో. మాకు రెండిళ్ళ అవతల ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేవారు. ఆవిడ దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఒక తాబేలు ఉంది. పేరు బోరిస్. వేసవిలో ఆవిడ లాన్‌లో కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆ కుర్చీ చుట్టూ బోరిస్ గడ్డి కొరుక్కుంటూ తిరుగుతుండేది. మా పాపకి రోజూ సాయంత్రం అక్కడ హాజరు వేయించుకోవడం అలవాటైంది. క్రితం ఏడాది ఆవిడకి మతిమరుపు బాగా ముదిరింది. వేరే రాష్ట్రంలో ఉండే కొడుకు వచ్చి ఆవిడని మెమరీ కేర్‌లో చేర్పించాల్సి వచ్చింది. అక్కడ తాబేళ్ళని ఉంచనివ్వరు. సరీసృపాలని చేరదీసే సంస్థకి ఫోన్ చేస్తే వెయిటింగ్ లిస్టు ఉందన్నారట. ఆయన మా తలుపు తట్టి, "మీ అమ్మాయికి దీనితో స్నేహం కదా" అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పాప వైపు చూశాను. అలా బోరిస్ మా ఇంటికొచ్చింది. దానితోపాటు ఒక గాజుతొట్టె, ఒక ఎర్ర బల్బు, సగం సంచీ చెక్కపొట్టు కూడా వచ్చాయి. కొన్నప్పుడు పెట్ షాపువాళ్ళు ఇచ్చిన సరంజామా అదే.

*

బోరిస్ రష్యన్ తాబేలు. పేరుకే రష్యన్; దీని అసలు ఊళ్ళు కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, అఫ్ఘనిస్తాన్, ఇరాన్, ఇంకా పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్ వైపు. శాస్త్రనామం టెస్టుడో హార్స్‌ఫీల్డీ. 1844లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దీన్ని వర్ణించి, థామస్ హార్స్‌ఫీల్డ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పేరు పెట్టాడు. పెద్దయ్యాక కూడా మన అన్నం పళ్ళెం కంటే చిన్నగానే ఉంటుంది. మామూలుగా 20 సెంటీమీటర్ల దగ్గరే. బాగా చూసుకుంటే నలభై ఏళ్ళు, అంతకన్నా ఎక్కువే బతుకుతుంది.

ఈ జాతికి ఇంకో ఘనత ఉంది. మనుషులకంటే ముందు చంద్రుణ్ణి చుట్టి వచ్చింది ఇవే. 1968 సెప్టెంబరులో సోవియట్ యూనియన్ పంపిన జోండ్ 5 నౌకలో రెండు తాబేళ్ళు ఉన్నాయి. చంద్రుడి వెనకనుంచి తిరిగొచ్చి సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రంలో దిగాయి. అపోలో 8లో మనుషులు ఆ ప్రయాణం చేసింది ఆ డిసెంబరులో. ఈ సంగతి చెప్పాక మా పాప బోరిస్‌ని చూసే చూపే మారిపోయింది.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. మాది శ్రీకాకుళం. మా ఊరికి దగ్గర్లోనే శ్రీకూర్మం. విష్ణువుని కూర్మరూపంలో కొలిచే గుడి అది. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళుండేవి; చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని వెళ్ళి వాటికి ఆకులు అందించేవాణ్ణి. ఆ ప్రభావం వల్ల మా వైపు వీధికో కూర్మారావు ఉంటాడు. నా హైస్కూలు క్లాసులోనే ఇద్దరుండేవారు. ఒకణ్ణి పెద్ద కూర్మారావనీ ఇంకొకణ్ణి చిన్న కూర్మారావనీ పిలిచేవాళ్ళం. అమ్మ బోరిస్‌ని ఒక్క నిమిషం పరికించి చూసి, "బోరిసేట్రా? దిక్కుమాలిన పేరు. కూర్మారావు అను," అంది. ఆ రోజునుంచీ మా ఇంట్లో అది కూర్మారావే. ఆఫీసులో ఒక తమిళ మిత్రుడు మాత్రం మొహం చిట్లించాడు. తాబేలు దూరిన ఇల్లూ, జప్తు చెయ్యడానికి వచ్చే కోర్టు అమీనా దూరిన ఇల్లూ బాగుపడవని వాళ్ళలో సామెతట. అదే మిత్రుడి డెస్కు మీద అదృష్టం కోసం ఇత్తడి తాబేలు బొమ్మ ఉంటుంది!

*

కట్టబోయేదాన్ని ఏమనాలి? ఇంగ్లీషులో ఈ పెట్టెకి రకరకాల పేర్లున్నాయి గానీ తెలుగులో ఏ మాట సరిపోతుందా అని చాలా రోజులు ఆలోచించాను. గూడు అంటే కోడికి, పిట్టకి. పంజరం చిలక కోసం. బోను పులికి. దొడ్డి పశువులకి, బందెలదొడ్డి దారితప్పిన పశువులకి. ఒక్కో మాటలో ఆ జంతువుతో మనకున్న సంబంధం దాక్కుని ఉంది. బోనులో భయం, పంజరంలో ముచ్చట, దొడ్డిలో ఆస్తి. ఒక తాబేలుకి నాలుగు గోడలూ బోలెడంత మట్టీ ఇచ్చే చోటుకి మన భాషలో మాట ఎందుకుంటుంది? దాని అవసరం ఎవరికొచ్చింది?

మళ్ళీ అమ్మే చెప్పింది. బేస్‌మెంట్‌లో సగం కట్టిన పెట్టె చూపిస్తే మొదట, "ఏట్రా, శవప్పెట్టెలాగుంది," అంది. మట్టి నింపాక చూసి, "ఓహో, మడి కడుతున్నావా?" అంది. నారుమడికి చుట్టూ గట్లు, మధ్యలో మెత్తటి మట్టి. నేను కడుతున్నది అచ్చంగా అదే. పైగా తాబేలుకి తాకితే చేతులు కడుక్కోవాలి, దాని నీళ్ళ పళ్ళెం వంటింటి సింకులో తోమకూడదు. తాబేళ్ళ ఒంటిమీద సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు గనక, 4 అంగుళాలలోపు డిప్పతో ఉన్న తాబేళ్ళని పెంపకానికి అమ్మకూడదని అమెరికాలో 1975 నుంచి నిషేధం ఉంది. కాబట్టి రెండో అర్థంలో కూడా అది మడే. మా పాప ఇప్పుడు అమ్మమ్మ కంటే నిష్ఠగా సబ్బుతో చేతులు కడుగుతుంది.

ఇక కొలతలు. ఈ జాతి తాబేలుకి 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉండాలని అనుభవజ్ఞులు చెప్పే మాట. "అరచేతంత జంతువుకి మంచమంత చోటా?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ చోటు తాబేలు సైజుని బట్టి కాదు, ఎండని బట్టి కావాలి. పెట్టె ఒక చివర 35 డిగ్రీలుండాలి, ఇంకో చివర 20, 22 డిగ్రీలుండాలి. తాబేలుకి ఒంట్లో వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు. వేడెక్కాలంటే ఇటు నడవాలి, చల్లబడాలంటే అటు నడవాలి. మనకి చెమట, వణుకు ఎలాగో దానికి నడక అలాగ. చిన్న తొట్టెలో దీపం పెడితే తొట్టె మొత్తం ఒకే వేడికి వచ్చేస్తుంది. ఇక అది ఎటు నడిచినా ఒకటే. పొడవు కావాల్సింది అందుకు.

ప్లైవుడ్ షీటు 4 అడుగులు, 8 అడుగులే ఉంటుంది గనక అడుగుభాగం కోత లేకుండా సరిపోయింది. గోడలకి మెనార్డ్స్ నుంచి టూ బై ట్వెల్వ్ పలకలు తెచ్చాను. పేరులో పన్నెండు ఉంటుంది గానీ కొలిస్తే పదకొండుంపావు అంగుళాలే. ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఇరవై రెండున్నర. అందులో మట్టి 8 అంగుళాలు పోతే పైన పధ్నాలుగున్నర మిగులుతుంది. అంత ఎందుకంటే తాబేళ్ళు ఎక్కుతాయి. ముఖ్యంగా మూలల్లో, రెండు గోడలకీ చెరో కాలు తన్నిపెట్టి, కొబ్బరిచెట్టు ఎక్కేవాడిలా ఎక్కుతాయి. అందుకని నాలుగు మూలల్లోనూ పైన అడ్డంగా త్రికోణపు చెక్కలు బిగించాను. లోపల చెరువు గుంటలకి వాడే రబ్బరు షీటు పరిచాను, తడికి చెక్క కుళ్ళకుండా.

మట్టి లెక్క వేస్తే నాకే నవ్వొచ్చింది. 32 చదరపు అడుగులు, 8 అంగుళాల లోతు, అంటే దాదాపు 21 ఘనపుటడుగులు. సంచీకి ముప్పాతిక ఘనపుటడుగు చొప్పున 28 సంచులు. ఒక్కోటి 40 పౌన్లు. మొత్తం అర టన్ను పైమాటే. మేడమీద గదిలో పెట్టే ప్రశ్నే లేదు; బేస్‌మెంట్ కాంక్రీటు గచ్చు మీదే పెట్టాలి. ఎరువులు, మందులు కలపని మట్టి, కొంచెం ఇసుక, కొబ్బరిపీచు పొడి. పెట్ షాపులో అమ్మే చెక్కపొట్టు ఇందులో పడకూడదు. దేవదారు, పైన్ లాంటి చెక్కల్లో ఉండే ఘాటు నూనెలు ఊపిరితిత్తులకి మంచివి కావు, పైగా పొట్టులో బొరియ నిలవదు.

అసలు సంగతి ఆ బొరియే. మధ్య ఆసియా మైదానంలో ఈ తాబేలు ఏడాదిలో దాదాపు మూడు నెలలే పైకి కనిపిస్తుంది. మంచు కరిగి వసంతం వచ్చినప్పుడు బయటికొచ్చి, గబగబా తిని, జత కట్టి, గుడ్లు పెట్టి, వేసవి ముదిరి ఆకులు ఎండిపోగానే భూమిలోకి దిగిపోతుంది. ఎండాకాలం నిద్ర, దానికి కొనసాగింపుగా చలికాలం నిద్ర. అంటే దాని జీవితంలో ఎక్కువ భాగం మట్టిలోనే. పైన ఎడారిలా పొడిగా ఉన్నా బొరియలో చెమ్మ ఉంటుంది. ఎడారి జంతువు కదా అని పొడి ఇసుకలో పెంచితే ఒంట్లో నీరు తగ్గి జబ్బు పడతాయి. మనం పైన కనిపించే వాతావరణాన్ని నకలు చేస్తాం, అది బతికేదేమో కింద కనిపించని వాతావరణంలో.

మట్టి నింపిన మొదటి సాయంత్రం కూర్మారావుని వదిలాం. గోడల వెంబడి ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో చల్లటి మూల దగ్గర ఆగి, ముందుకాళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది. నలభై నిమిషాల్లో వీపు కూడా కనబడకుండా మాయమైంది. ఆ వారాంతంలో పెద్దావిడ కొడుకు మెమరీ కేర్ నుంచి వీడియో కాల్ చేశాడు. ఆవిడకి బోరిస్ పేరు గుర్తు రాలేదు. మా పాప పేరూ గుర్తు రాలేదు. ఫోన్‌ని మట్టి వైపు తిప్పి, "దీని కింద నిద్రపోతోంది" అన్నాను. ఆవిడ కాసేపు చూసి, "తవ్వుకుందా?" అని అడిగారు. తవ్వుకుందన్నాను. ఆవిడ ఇక ఏమీ మాట్లాడలేదు. ఏమీ కదలని ఆ నల్లమట్టిని అయిదు నిమిషాలు తృప్తిగా చూస్తూ ఉన్నారు. నేను చెయ్యి నొప్పిపుట్టినా ఫోన్ దించలేదు.

*

మట్టి కొనుక్కోవచ్చు. ఎండని కొనడం కష్టం.

మినియాపొలిస్‌కి వచ్చిన మొదటి శీతాకాలం తర్వాత డాక్టరు నా రక్తపరీక్ష చూసి విటమిన్ డి 12 ఉందన్నాడు. 20 కన్నా తక్కువైతే లోపం కింద లెక్క. ఎనిమిది వారాలపాటు వారానికొకటి, యాభై వేల యూనిట్ల మాత్ర రాశాడు. ఆఫీసులో తెలుగువాళ్ళని అడిగితే అందరి సొరుగుల్లోనూ అదే ఆకుపచ్చ మాత్ర. కూర్మారావుకి దీపం కొనడానికి చదవడం మొదలుపెట్టాకే, మా ఇద్దరి జబ్బూ ఒకటేనని తెలిసింది.

చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే భాగం తగిలితే అది ప్రీవిటమిన్ డీ3గా మారుతుంది. ఆ తర్వాత ఒంటి వేడికి నెమ్మదిగా విటమిన్ డీ3 అవుతుంది. కాలేయం, మూత్రపిండాలు దాన్ని వాడుకునే రూపంలోకి తెస్తాయి. అప్పుడే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. తాబేలుకి డిప్ప కూడా ఎముకే గనక యూవీబీ అందకపోతే డిప్ప మెత్తబడుతుంది, వంకర్లు పోతుంది, కాళ్ళు నిలవవు. నాకూ తాబేలుకీ రసాయనం ఒకటే. ఒక్క తేడా ఉంది: రెండో మెట్టుకి కావాల్సిన వేడి నా ఒంట్లో ఎప్పుడూ ఉంటుంది, దాని ఒంట్లో ఉండదు. కాబట్టి వేడినిచ్చే బల్బు ఒక మూల, యూవీబీ ట్యూబు ఇంకో మూల పెడితే లాభం లేదు. రెండూ ఒకే చోట పడాలి, సూర్యుడిలాగా.

కిటికీ పక్కన పెట్టెయ్యొచ్చు కదా అని చాలామంది అడిగారు. కిటికీ గాజు వెలుతుర్ని రానిస్తుంది, వేడిని రానిస్తుంది, యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. గాజుతో తాబేలుకి ఇది రెండో తగువు. పైగా ఈ ఊళ్ళో శీతాకాలం కిటికీ తీసినా ఒరిగేదేమీ లేదు. 1988లో మైకేల్ హోలిక్ బృందం ఒక పరిశోధన చేసింది. 42 డిగ్రీల అక్షాంశం మీదున్న బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మబ్బుల్లేని రోజు ఆరుబయట పెట్టినా చర్మంలో ప్రీవిటమిన్ డీ3 తయారు కాలేదు. 53 డిగ్రీలు దాటిన ఎడ్మంటన్‌లోనైతే అక్టోబరు నుంచి మార్చి దాకా అంతే. మాది ఆ రెంటికీ మధ్య, 45 డిగ్రీలు. కళ్ళు చెదిరే ఎండ, మంచు మీద పడి మెరుస్తూ ఉంటుంది. అందులో ఈ సరుకు మాత్రం ఉండదు. పెద్దావిడ వేసవంతా లాన్‌లో తిప్పకపోయి ఉంటే ఆ ఎర్ర బల్బు కింద బోరిస్ ఇరవై రెండేళ్ళు బతికేది కాదని వెట్ డాక్టరు అంది. డిప్ప మీద కొన్ని ఎగుడుదిగుళ్ళు తప్ప ఎముకలు గట్టిగానే ఉన్నాయట. ఆవిడ ఏ పుస్తకం చదివీ చెయ్యలేదా పని. తనకి ఎండలో కూర్చోవడం ఇష్టం, దానికీ ఇష్టమే అయ్యుంటుందని అనుకున్నారు, అంతే.

ఎంత యూవీబీ కావాలన్నదానికి ఇప్పుడు లెక్కలున్నాయి. 2010లో గ్యారీ ఫెర్గూసన్ బృందం అడవిలో సరీసృపాలు రోజంతా ఎంత ఎండలో ఉంటాయో మీటర్లతో కొలిచి, వాటిని నాలుగు మండలాలుగా విడదీసింది. ఇలాంటి తాబేళ్ళు మూడో మండలంలోకి వస్తాయి. నేను నాలుగడుగుల టీ5 ట్యూబు కట్టి, మీటరుతో కొలుస్తూ, తాబేలు వీపు ఎత్తులో యూవీ ఇండెక్స్ 3కీ 4కీ మధ్య వచ్చేదాకా గొలుసు పైకీ కిందకీ జరిపాను. పక్కనే వేడి బల్బు. కింద ఒక పలకరాయి. రాయి మీద 35 డిగ్రీలు. పొద్దున్న ఏడింటికి సూర్యోదయం, రాత్రి ఏడింటికి సూర్యాస్తమయం, టైమరు పుణ్యాన.

ఈ ట్యూబుల్లో ఒక మోసం ఉంది. ఏడాది తిరిగేసరికి యూవీబీ పడిపోతుంది, మామూలు వెలుతురు మాత్రం అలాగే వస్తుంటుంది. కంటికి తేడా తెలియదు. మా వృత్తిలో ఇలాంటివి బాగా పరిచయం. డాష్‌బోర్డులో అన్నీ పచ్చగా ఉంటాయి, లోపల సర్వీసు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. అందుకని ట్యూబు మీద మార్కరుతో తేదీ రాస్తాను, నెలకోసారి మీటరు పెట్టి చూస్తాను.

దీపం కింద స్థిరపడ్డాక కూర్మారావు చేసే పని ఒకటుంది. తల పూర్తిగా బయటికి చాపుతుంది. నాలుగు కాళ్ళూ పరుస్తుంది. వెనక్కాళ్ళయితే ఈతగాడిలా వెనక్కి సాగదీస్తుంది. భగవద్గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుడికి పోలిక తాబేలే కదా. అవయవాల్ని లోపలికి ముడుచుకున్నట్టు ఇంద్రియాల్ని మళ్ళించుకుంటాడని. చిన్నప్పుడు ఆ పోలిక చాలా గొప్పగా అనిపించేది. ఇప్పుడు రోజూ చూస్తున్నాను గనక ఒక చిన్న సవరణ: తాబేలు ముడుచుకునేది భయమేసినప్పుడు. నెమ్మదిగా, నిశ్చింతగా ఉన్న తాబేలు అన్ని అవయవాల్నీ చాపుకుని ఉంటుంది. మా ఇంటికొచ్చిన మొదటి రెండు వారాలూ కూర్మారావు గొప్ప స్థితప్రజ్ఞుడే.

*

తిండి విషయంలో ఎక్కువ చెప్పను. పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ, పళ్ళు అసలొద్దు. పాలకూర పెట్టరా అంటుంది అమ్మ. పాలకూరలో, తోటకూరలో ఆక్సలేట్లు ఎక్కువ; అవి కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. దానికి అన్నిటికన్నా మంచిది డాండెలియన్, అంటే ఇక్కడ ప్రతి ఇంటివాడూ డబ్బులిచ్చి మందు కొట్టించి చంపించే పసుపుపూల కలుపు మొక్క. మా వెనక పెరట్లో మందు కొట్టని నాలుగడుగులు నేను కాపాడుకుంటున్నాను. దానిమీద కాలనీ అసోసియేషన్‌వాళ్ళు రెండు ఉత్తరాలు పంపారు. చలికాలం ట్రేలలో పెంచుతాను. ఇంకా మందారం. మా ఆవిడ కుండీలో ప్రాణంగా పెంచుకునే ముద్దమందారం మీద ఇంట్లో ఒప్పందం కుదిరింది: పువ్వు దేవుడికి, ఆకు కూర్మారావుకి. దేవుడికి పెట్టిన పువ్వు కూడా మర్నాడు కూర్మారావుకే చేరుతుంది.

ఆదివారం ఆదివారం వంటింటి త్రాసు లాంటి ఇంకో త్రాసు మీద తూకం వేసి స్ప్రెడ్‌షీట్‌లో రాస్తాను. దీన్ని చూసి స్నేహితులు నవ్వుతారు. వాళ్ళకి నేను గిల్బర్ట్ వైట్ సంగతి చెబుతుంటాను. 1789లో సెల్‌బోర్న్ ప్రకృతి చరిత్ర ప్రచురించిన ఇంగ్లీషు మతాచార్యుడు. ఆయనకి మేనత్త రెబెకా స్నూక్ దగ్గర్నుంచి ఒక తాబేలు వారసత్వంగా వచ్చింది. 1780లో ఆవిడ పోయాక, భూమిలో నిద్రపోతున్నదాన్ని తవ్వి తీసి, బండిలో సెల్‌బోర్న్ తెచ్చుకున్నాడు. పేరు తిమోతి. పదమూడేళ్ళు దాన్ని గమనిస్తూ రాశాడు. తూకం వేశాడు. వినబడుతుందేమోనని గొట్టంలోంచి గట్టిగా అరిచి చూశాడు, అది పట్టించుకోలేదు. జీవితంలో సగానికి పైగా నిద్రపోయే ప్రాణికి దేవుడు అంత దీర్ఘాయుష్షు ఎందుకిచ్చాడో అని ఆశ్చర్యపోయాడు. 1793లో వైట్ పోయాడు, తిమోతి ఆ మరుసటేడు పోయింది. దాని డిప్ప ఇప్పటికీ లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. తర్వాత పరీక్షిస్తే తెలిసింది, అది ఆడ తాబేలని.

నాకు వైట్‌లో నచ్చేది పరిశీలన ఒక్కటే కాదు. పుస్తకమంతా చూస్తే ఆయన తిమోతి మీద ప్రేమ అని ఎక్కడా గట్టిగా అనడు. ఎప్పుడు లేచింది, ఏం తింది, ఏ గోడ పక్కన ఎండ కాచుకుంది, అంతే రాస్తాడు. ఆ లెక్కలే ప్రేమ అని చదివేవాడికి తెలిసిపోతుంది.

*

ఇంత చేసినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎంత మంచి మడి కట్టినా అది మడే. ఈ వ్యాపారంలో అమ్ముడయ్యే రష్యన్ తాబేళ్ళలో చాలా భాగం ఉజ్బెకిస్తాన్ లాంటి చోట్ల మైదానాల్లో ఏరి తెచ్చినవే. ఇరవై రెండేళ్ళ కిందటి కూర్మారావు కూడా అలాగే వచ్చి ఉండొచ్చు. మన దగ్గరి నక్షత్ర తాబేలుదీ అదే కథ. రాయలసీమ, కోలారు చుట్టుపక్కల పొదల్లోంచి ఏరి, సంచుల్లో కుక్కి, విమానాల్లో ఆగ్నేయాసియాకి చేరవేసేవాళ్ళు ఎందరో పట్టుబడ్డారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. అంతర్జాతీయంగా 2019లో దాన్ని సైటిస్ మొదటి అనుబంధంలోకి మార్చి వ్యాపారాన్ని మొత్తంగా నిషేధించారు. ఇదే పెట్టె నేను శ్రీకాకుళంలో కట్టి అందులో నక్షత్ర తాబేలుని పెట్టి ఉంటే జైలుకి వెళ్ళేవాణ్ణి. ఆ చట్టం సరైనదే అని నా నమ్మకం. అందుకే ఎవరైనా మా కూర్మారావుని చూసి ముచ్చటపడి, "మేమూ ఒకటి కొనుక్కుంటాం" అంటే నేను వద్దనే చెబుతాను. చేరదీసే సంస్థల్లో ఇళ్ళు లేనివి బోలెడున్నాయి, వాటిలో ఒకదాన్ని తెచ్చుకోండి, తెచ్చుకునేముందు మట్టి లెక్క వేసుకోండి అంటాను.

మరి దీన్ని వెనక్కి పంపొచ్చు కదా? పంపలేం. ఇన్నేళ్ళు మనుషుల మధ్య పెరిగింది ఏ సూక్ష్మజీవుల్ని మోసుకెళ్ళి అక్కడి వాటికి అంటిస్తుందో చెప్పలేం. దాని మైదానం దానికి మూసుకుపోయింది. ఉన్నదిక ఈ 32 చదరపు అడుగులే.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. నాది హెచ్-1బీ వీసా. గ్రీన్ కార్డు క్యూలో నా తేదీ 2016ది, ఇంకా రాలేదు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి. పోయినేడాది మా ఆఫీసులో ఒకే రోజు మా టీములో నలుగురు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, మామూలుగా అయితే ఇలాంటప్పుడు అందరూ వేసే లెక్కలే వేశాం: లీజు, కారు లోను, పాప స్కూలు. చివర్లో మా ఆవిడ అంది, "కూర్మారావో?" దాన్ని ఇండియా తీసుకెళ్ళాలంటే సైటిస్ అనుమతులు కావాలి, దిగుమతి అనుమతులు కావాలి, అరవై రోజుల్లో అయ్యే పని కాదు. అర టన్ను మట్టి సంగతి సరేసరి. మూడేళ్ళకోసారి పొడిగించుకునే బతుకులోకి నలభై ఏళ్ళ ప్రాణిని తెచ్చుకున్నాం. మా ఇంట్లో ఏ తేదీతోనూ పని లేకుండా ఈ దేశంలో ఉండగలిగేవాళ్ళు ఇద్దరే: ఇక్కడ పుట్టిన మా పాప, కూర్మారావు.

ఆ రాత్రి కూర్చుని ఒక డాక్యుమెంటు రాశాను. మా ఉద్యోగాల్లో రన్‌బుక్ అంటాం. మనం లేనప్పుడు, మనమెవరో తెలియనివాడు కూడా సిస్టంని నడపగలగాలి, అందుకు రాసిపెట్టేది. ఇంతవరకూ వృత్తిలో నేను రాసిన రన్‌బుక్‌లన్నీ మూణ్ణాలుగేళ్ళలో మూలపడ్డాయి, ఆ సిస్టమ్‌లతోపాటే. ఇది మాత్రం నాకన్నా ఎక్కువకాలం ఉండాల్సినది. ట్యూబు మోడలు, ఎప్పుడు మార్చాలో, మట్టి పాళ్ళు, ఏ చివర ఎంత వేడి. కరెంటు పోతే కంగారు పడొద్దు, ఒక రాత్రి చల్లగా ఉన్నా తట్టుకుంటుంది, మట్టిలో ఉంటే కదపొద్దు. వారానికి రెండుసార్లు గోరువెచ్చని నీళ్ళలో గడ్డందాకా మునిగేలా ఇరవై నిమిషాలు. ముక్కు కారినా, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నా ఆ రోజే వెట్ దగ్గరికి. బరువు ఇప్పుడు 840 గ్రాములు. నెలలో పదో వంతు తగ్గితే ఏదో తేడా ఉన్నట్టు.

మా ఆవిడ అది చదివి ఇంకో పేజీ కలిపింది. కొడుకుతో ఫోన్‌లో మాట్లాడి, పెద్దావిడ గురించి రాసింది: ఎప్పుడు కొన్నారు, వేసవిలో ఏ గంటకి లాన్‌లోకి తీసుకెళ్ళేవారు, ఏ పాట పాడేవారు. ఇవి తాబేలు పెంపకానికి అవసరం లేని వివరాలు. తీసెయ్యమని నేను అనలేదు. రేపు దీన్ని ఎవరి చేతుల్లో పెట్టాల్సి వచ్చినా, ఇది వాళ్ళతో మొదలైన కథ కాదని వాళ్ళకి తెలియాలి కదా. పాప ఆ పేజీ కింద తన పేరు రాసుకుంది, ఎదురుగా బాణం గుర్తు వేసి, "పెద్దయ్యాక నేను" అని. దానికిప్పుడు ఆరేళ్ళు. మాట మీద నిలబడుతుందో లేదో తెలియడానికి కూర్మారావుకైతే కావలసినంత టైముంది.

వచ్చే నెల ట్యూబు మార్చాలి. ఈసారి రెండు ఆర్డరు పెట్టాను.